ఫోంటెనో హాల్లో ఏడ్చే గొంతు

చీకటి పడ్డాక ఫోంటెనో డాన్సు హాలు వైపు ఎవరూ వెళ్ళరు.

బాయూ అనే బురదకాలవ ఒడ్డున, నాచు వేలాడే చెట్ల మధ్య, తలుపులు మూసేసి ఉంటుందది. లోపల ఏదో ఏడుస్తుందని పేరు. ఆడగొంతు. సన్నగా మొదలై... పైకి పాకి... ఉన్నట్టుండి గీరుకుపోయి ఆగిపోతుంది. కాసేపటికి మళ్ళీ మొదటికొస్తుంది. పెళ్ళికొడుకు కోసం చూసి చూసి పోయిన పెళ్ళికూతురని కొందరంటారు. కాదు, హాలు మూసేశారని బెంగతో పోయిన నాట్యకత్తె అని మరికొందరు. ఎవరి దెయ్యం వాళ్ళది.

అలాంటి చోటికి ఓడిలాన్ గిడ్రీ తనంతట తనే వెళ్ళాడు. ధైర్యం ఎక్కువై కాదు. గిటార్ వల్ల.

వరిపొలాల్లో నీటి పంపులు బాగుచేయడం అతని పని. మూతిమీద మీసం రాకముందు నుంచీ మేనత్త నొల్వియా బృందంలో గిటార్ వాయిస్తున్నాడు. ఆవిడది అకార్డియన్. ఆవిడ భర్త లాస్టీ మామయ్య ఉన్నన్నాళ్ళూ పాట ఆయనది. ఆయన పోయాక పాడేవాళ్ళు లేరు, వట్టి వాయిద్యాలే.

మొన్నటి తుఫానులో ఓడిలాన్ పాత గిటార్ నీళ్ళపాలైంది. కొత్తగా కొన్న ఎలక్ట్రిక్ గిటార్ చూడ్డానికి ఎర్రగా నిగనిగలాడుతూ పెళ్ళికొడుకులా ఉంది. నోరు తెరిస్తేనే తంటా. సన్నతీగ మీటితే రేకు మీద మేకుతో గీసినట్టు!

రిహార్సల్లో నొల్వియా అకార్డియన్ టక్కున మూసేసింది.

"ఒరేయ్ ఓడీ, అది గిటారా, రంపమా? నా పళ్ళు జిల్లుమంటున్నాయి. కట్టుడుపళ్ళురా అవి!"

"నా చేతుల్లో తప్పు లేదత్తా. తీగల కింద పికప్‌లున్నాయి చూడు, వాటి గొంతే అంత."

"ఎవరి గొంతో నాకెందుకు? శనివారం నా మనవరాలి పెళ్ళి. ఈలోగా దాని నోరు మంచి చెయ్యి. లేదా ఆ రోజు గంబో పులుసు గరిటె పట్టుకుని వడ్డనకి నిలబడు."

అందరూ నవ్వారు. ఓడిలాన్ కూడా నవ్వాడు. కానీ అత్త అన్నదంటే చేస్తుంది.

ఇంట్లో గిటార్ విప్పి, స్వరం పదును తగ్గించే టోన్ భాగం మార్చాడు. కొంచెం నయం. కానీ గట్టిగా పెట్టి వాయిస్తేగానీ అసలు రోగం బయటపడదు. మనవడు అప్పుడే నిద్రపోయాడు. భార్య మెర్లీన్ గుమ్మంలోనే నిలబడింది.

"వాడు లేచాడో, నీ సంగతి చెప్తా."

"మరి ఎక్కడ వాయించమంటావ్?"

"చచ్చినవాళ్ళ చెవుల దగ్గర వాయించు. వాళ్ళయితే లేవరు."

అలా ఫోంటెనో హాలు గుర్తొచ్చింది. అతను నిజంగానే బయల్దేరుతుంటే మాత్రం మెర్లీన్ మొహం పాలిపోయింది. గబగబా లోపలికెళ్ళి, చర్చి ఫాదర్ దీవించి ఇచ్చిన తేనెమైనపు కొవ్వొత్తులు గుప్పెడు తెచ్చి అతని జేబులో కుక్కింది.

పొద్దు గూకింది. కప్పలు అందుకున్నాయి. హాలు తలుపు తోస్తే తెరుచుకుంది. ఓడిలాన్ ట్రక్కు బ్యాటరీ నుంచి కిటికీలోంచి వైరు లాగి, స్టేజీ మీద స్పీకరు పెట్టాడు. టార్చిలైటు ఒకటి. కాఫీకని చిన్న స్టవ్ ఒకటి. హాలు నిండా దుమ్ము వాసన... ఏ మూల చూసినా చీకటి.

పికప్‌ల స్క్రూలు తిప్పి, వాటిని తీగలకు దూరంగా కిందికి దించాడు. సన్నతీగల వైపు ఇంకాస్త ఎక్కువ. మీటి చూశాడు. పదును తగ్గింది. 'హమ్మయ్య' అనుకుని శబ్దం బాగా పెంచాడు.

అంతే —

కీ...ఈ...ఈ...మని ఒక ఏడుపు! సన్నగా మొదలై, పైకి పాకి, చెవులు చిల్లులు పడేలా...

తీగలన్నీ అరచేత్తో నొక్కేశాడు. తీగ కదలడం లేదు. ఏడుపు ఆగలేదు. తడుముకుంటూ శబ్దం తగ్గిస్తే అప్పుడు ఆగింది.

ఓడిలాన్ టార్చి అటూ ఇటూ తిప్పాడు.

"ఎ... ఎవరు?" అన్నాడు మెల్లిగా.

"ఎవరు?" అంది చీకటి.

వెనక నుంచి. బొంగురుగా. రేకుడబ్బాలోంచి మాట్లాడినట్టు.

ఇక ఆగలేదు. గుమ్మం వైపు ఒకటే పరుగు! నాలుగంగలు వేశాడో లేదో, వెనక నుంచి ఎవరో భుజం పట్టి లాగినట్టయింది. వెల్లకిలా పడ్డాడు.

"బాబోయ్!" అని అరిచాడు.

"బాబోయ్!" అని అరిచింది దెయ్యం.

పడ్డవాడు పడ్డట్టే ఉండి కళ్ళు మిటకరించాడు. దెయ్యం బాబోయ్ అనడమేమిటి? చూసుకుంటే గిటార్ ఇంకా మెడకే వేలాడుతోంది. లాగింది గిటార్ వైరు. అరిచింది స్పీకరు.

గిటార్ నోటి దగ్గరికి తెచ్చుకుని, పికప్‌ల మీదికి వంగి, "ఓడీ, నువ్వొట్టి దద్దమ్మవి" అన్నాడు.

"నువ్వొట్టి దద్దమ్మవి" అని ఒప్పుకుంది స్పీకరు.

పగలబడి నవ్వాడు. స్పీకరూ నవ్వింది.

పంపు మోటార్లు విప్పే మనిషికి అంతకన్నా చెప్పక్కర్లేదు. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగ వేల చుట్లు. ఆ చుట్లు వదులుగా ఉంటే తీగ మోతకే కాదు, గాలిలో ప్రతి చప్పుడుకీ అవీ వణుకుతాయి. మైకులా మాటల్నీ పట్టేస్తాయి. గట్టిగా పెడితే తమ మోత తామే విని కీచుమంటాయి. ఆ చుట్ల మధ్య మైనం దింపి బిగిస్తే సరి.

మైనం ఎక్కడిది? జేబులోనే ఉంది.

"ఫాదర్ గారూ, క్షమించండి" అంటూ దెయ్యం రాకుండా ఇచ్చిన కొవ్వొత్తులన్నీ కాఫీడబ్బాలో వేశాడు. మైనానికి మంట నేరుగా తగలకూడదు. అందుకని గిన్నెలో నీళ్ళు కాచి, అందులో డబ్బా నిలబెట్టాడు. పికప్‌లు ఊడదీసి, కరిగిన మైనంలో వేలాడదీశాడు. చుట్లలోని గాలి బుడబుడమని పైకొచ్చింది. బుడగలు ఆగేదాకా ఓపిక పట్టి, తీసి, తుడిచి, ఆరాక మళ్ళీ టంకం పెట్టి బిగించాడు.

"ఎవరు?" అన్నాడు పికప్‌లతో.

స్పీకరు పలకలేదు. చెవిటిదైపోయింది.

శబ్దం పెంచి, లాస్టీ మామయ్య పాడే వాల్ట్జ్ డాన్సు పాట ఒకటి అందుకున్నాడు. ఆహా! గొంతులోకి వెచ్చని పాకం దిగినట్టుంది. సన్నతీగ గుచ్చడం లేదు, పిలుస్తోంది. ఓడిలాన్ కళ్ళు మూసుకున్నాడు.

రెండో చరణంలో... ఎవరో పాట అందుకున్నారు.

ఆడగొంతు. సన్నగా.

చేతులు ఆగిపోయాయి. ఇది గిటార్లోంచి కాదు. గిటార్‌కి ఇప్పుడు చెవుల్లేవు.

టిక్కెట్లమ్మే గదిలోంచి తెల్లటి ఆకారం ఒకటి ఇవతలికి వచ్చింది... ఒక్కో అడుగే వేస్తూ...

"ఆపావేంరా సన్నాసీ? బాగుందిగా!"

"అత్తా?!"

నొల్వియా! తెల్లటి రెయిన్‌కోటులో, చేతిలో చెప్పులతో.

"నువ్వొచ్చేముందే వచ్చాను. నీ కంటపడలేక ఇరుక్కుపోయి ఇందాకట్నుంచీ ఆ గదిలో దోమలకి విందు పెడుతున్నా."

"ఇక్కడ నీకేం పని?"

ఆవిడ తల దించుకుంది. అంత మనిషి చిన్నపిల్లలా అయిపోయింది.

"మీ మామయ్య పాటలు నేర్చుకుంటున్నానురా. పెళ్ళిలో ఒక్కటైనా ఆయన పాట వినిపించాలని. పైస్థాయికి వెళ్ళేసరికి గొంతు గీరుకుపోతుంది. ఇంట్లో పాడితే వింటారు. ఇక్కడైతే దెయ్యమని పారిపోతారు. నాకూ హాయే."

ఓడిలాన్‌కి నవ్వు పొంగుకొచ్చింది. ఆవిడ కళ్ళు తడిసి ఉండటం చూసి మింగేశాడు.

"పైస్థాయి ఎందుకత్తా? ఆయన గొంతు ఆయనది. నీకు అందేచోట పాడు. నేనూ కిందిస్థాయికి దిగి వాయిస్తా."

దిగి వాయించాడు. ఆవిడ పాడింది. ఎక్కడా గీరుకోలేదు.

శనివారం చర్చి హాల్లో గంబో గరిటె ఇంకెవరి చేతికో వెళ్ళింది. పెళ్ళికూతురు డాన్సుకి మొదటి అడుగు వేస్తుండగా నొల్వియా అకార్డియన్ ఒళ్ళో పెట్టుకుని పాట ఎత్తుకుంది. పెళ్ళికూతురు అడుగు ఆపి, రెండు చేతుల్తో నోరు మూసుకుని ఏడ్చేసింది.

వెనక బల్ల దగ్గర, బాయూ ఒడ్డున చేపలు పట్టే ముసలాయన మాత్రం చేతిలో ప్లేటు వదిలేసి గుండె మీద సిలువ గుర్తు వేసుకున్నాడు.

"ఇది... ఇది ఆ హాల్లో గొంతే! దేవుడి సాక్షిగా అదేనే!" అన్నాడు పెళ్ళాంతో.

ఆయన పెళ్ళాం ఓ క్షణం చెవి ఒగ్గి వింది. తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని లేపింది.

"అదే అయితే ఏం? ఎంత బాగా పాడుతోందో! పద, ఆడదాం."