నిండు ముఖం

"అబ్బ! ఆ లైటు ఆపండి... కళ్లలో మెరుపులు కొడుతున్నాయి!"

కెమెరా వెనక నుంచి భర్త తలెత్తాడు. "ఏ లైటు? నేనింకా వెయ్యనేలేదుగా!"

ఏడో నెల కడుపు మీద చేతులు పెట్టుకుని స్టూడియో స్టూలు మీద కూర్చున్న ఆమెకు ఒళ్లు మండిపోయింది. తల పగిలిపోతోందని నిన్నటి నుంచి మొత్తుకుంటూనే ఉంది. విన్నవాళ్లేరి? ఉంగరం వేలికి బిగుసుకుపోయింది. పొద్దున లేస్తే కళ్లు తెరుచుకోనంతగా ముఖం వాచింది. అది చూసి ఈ మహానుభావుడు, "ముఖం ఎంత నిండుగా ఉందో! షాపు ముందు పెట్టడానికి ఇంతకన్నా మంచి ఫొటో దొరకదు" అంటూ ముస్తాబు చేయించి కూర్చోబెట్టాడు! ఛీ! వాపును అందమనుకునే మనిషితోనా తను కాపురం చేస్తున్నది?

"కడుపుతో ఉన్నవాళ్లకి ఒళ్లు వాయదా ఏంటమ్మా? మేం కనలేదా?" పౌడరు డబ్బా పట్టుకుని అత్తగారు మళ్లీ అదే పాట అందుకుంది. ఆ వాసనకే ఆమెకు డోకు వచ్చింది. కుడివైపు పక్కటెముకల కింద ఎవరో పట్టి మెలిపెట్టినట్టయింది... స్టూలు మీంచి పక్కకు ఒరిగిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ నిప్పులు చెరిగింది. "బిడ్డ మాయకు రక్తం అందించే నాళాలు మొదట్లోనే సరిగా ఏర్పడలేదు. అక్కడ మొదలైన తేడా ఇప్పుడు ఒళ్లంతా పాకింది. బీపీ విపరీతంగా పెరిగిపోయింది, మూత్రంలో ప్రొటీను పోతోంది, కాలేయం దెబ్బతింటోంది. తలనొప్పి, మెరుపులు... పాపం, ఆవిడ చెబుతూనే ఉందిగా! ఇంకాస్త ఆగితే ఫిట్స్ వచ్చేవి. బిడ్డను బయటికి తీస్తే తప్ప ఇది తగ్గదు. నెలలు నిండలేదు... బిడ్డ గురించి మాటివ్వలేను."

బాబు బతికాడు. ఆమె కాస్త లేచి కూర్చోగలిగాక చక్రాల కుర్చీలో వాడి దగ్గరికి తీసుకెళ్లారు. గాజుపెట్టెలో, ముక్కుకు గొట్టంతో, గుప్పెడు ప్రాణం! భర్త కన్నీళ్లతో "నన్ను క్షమించు" అంటూ చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె అసహ్యంగా చెయ్యి లాక్కుంది.

"కాస్త కోలుకోగానే ఇంటికి తీసుకెళ్దామమ్మా... వీణ్ణి కళ్లలో పెట్టుకుని చూసుకుంటాను!" అంది అత్తగారు.

"నాకు నోరుంది, అత్తయ్యా! నొప్పి నొప్పి అని అరిచాను. నా మాటే మీకు వినపడలేదు. మాటలు రాని వీణ్ణి మీ చేతుల్లో ఎలా పెట్టను?"

అత్తగారు గాజుపెట్టె పక్కన కుర్చీ వేసుకుని, చెవి దగ్గరగా పెట్టి కూర్చుంది. చాలాసేపటికి, "వీడేదో మూలిగినట్టుందమ్మా... నర్సును పిలవనా?" అంది భయంభయంగా.

కోడలు ఇంకా ఆవిడ వైపు చూడలేదు.

"అడుగుతారేంటి? పిలవండి!"