నురుగు గూడు

తెల్లారితే బోనాలు. లాల్‌దర్వాజాలో ఆ పొద్దున ఏ ఇంట్లోనూ చీపురుకు తీరిక లేదు. ఆండాలమ్మకైతే మురికి కనబడితే ప్రాణం ఒప్పదు. గడప కడిగి లేచేసరికి కిటికీ దగ్గరి చేపల తొట్టి మీద ఆమె కన్ను పడింది. నీళ్ల మీద ఓ మూల తెల్లగా నురుగు కట్టి ఉంది. పండగపూట ఇదేం పాడని గొణుక్కుంటూ చాయ్ జాలీతో దాన్ని తోడి, మోరీలో పారబోసింది.

కోడలు నందిని లేచి వచ్చేసరికి అంతా అయిపోయింది. అది మురికి కాదు. ఫైటర్ చేప నోటితో బుడగలు ఊది కట్టుకున్న గూడు. నిన్న సాయంత్రమే అందులో గుడ్లు చేరాయి. ఆడచేప గుడ్లు పెట్టి తప్పుకుంటే, తిండి మానేసి కాపలా కాసేది మగచేపే. ఐదో నెలలో కడుపు పోయినప్పటి నుంచి ఎవరితోనూ మాట కలపని నందిని, ఇవన్నా పిల్లలైతే చాలని లోలోపల అమ్మవారికి మొక్కుకుంది. అత్తకు మాత్రం చెప్పలేదు.

మోరీ పక్కన కూలబడి వేళ్లతో నీళ్లలో వెతికింది. ఏమీ దొరకలేదు. అవి గుడ్లని కోడలు చెప్పేసరికి ఆండాలమ్మ బెదిరిపోయి, తెలియక చేశానని, కొడుకు సాగర్‌తో ఇంకో జత తెప్పిస్తానని అన్నది. ఎంత మాట! 'ఇంకొకటి' అనే మాట ఎందరి నోట విన్నదో నందిని ఈమధ్య.

"దవాఖాన నుంచి వచ్చేసరికి గిట్లనే చేసినవ్ అత్తమ్మా. బిడ్డకని కుట్టినయి ఒక్క బొంత లేదు, ఒక్క టోపీ లేదు. నన్ను ఒక్క మాట అడిగినవా? నా బిడ్డ కూడ నీకు మురికేనా?"

ఆండాలమ్మ గిరుక్కున లోపలికి వెళ్లిపోయింది. నందిని తొట్టి మీద తల ఆనించి చూస్తే, చేప ఖాళీ మూలన పిచ్చెత్తినట్టు తిరుగుతోంది. ఉన్నట్టుండి అడుగుకు దిగి, రాళ్ల సందులోంచి గసగసాల గింజంత గుడ్డును నోట కరుచుకుని పైకొచ్చింది. ఒక బుడగ ఊది, దాని కింద గుడ్డును ఆనించింది. మళ్లీ కిందికి పోయింది.

అప్పుడే ఆండాలమ్మ పాత చీరలో కట్టిన మూటొకటి తెచ్చి కోడలి ఒళ్లో పెట్టింది. విప్పితే బొంతలు, టోపీ. అన్నీ ఆండాలమ్మ చేత్తో కుట్టినవే.

"చూస్తే తట్టుకోవని సందుగ పెట్టెల దాచిన బిడ్డా. పారేద్దామంటే చేతులు రాలె. నువ్వు ఇంట్ల లేనప్పుడు తీసి చూసుకుంటున్న."

నందిని మూటతో సహా అత్త మీద పడి వెక్కివెక్కి ఏడ్చింది. ఇన్నాళ్లూ ఇద్దరూ వేరువేరుగా దాచుకున్న ఏడుపు అది.

మర్నాడు పండక్కి వచ్చిన ఆండాలమ్మ కూతురు రూప, తొట్టిలో నురుగు చూసి ముక్కు విరిచి, చెయ్యి పెట్టబోయింది. ఆండాలమ్మ బోనం పని వదిలేసి వచ్చి అడ్డం నిలబడింది.

"ముట్టకు. వదిన పిల్లలున్నయ్ అండ్ల."