మెయిన్ దగ్గర మనిషి

"మెయిన్ ఆపుతున్నానండీ" అని వరండాలోంచి కేక వేసిందావిడ.

"ఆపు" అని పడకగదిలోంచి జవాబు వచ్చింది. అప్పుడు గానీ ఆవిడ చెయ్యి మెయిన్ స్విచ్చి మీద పడలేదు. ఫ్యాను రెక్కలు నెమ్మదించి ఆగాయి. వంటింట్లో ఫ్రిజ్ ఒకసారి గొణిగి ఊరుకుంది.

పెళ్ళయిన కొత్తలో ఆయన ఆవిడకు నేర్పిన మొదటి సంగతి ఇదే. నిచ్చెన మీద ఒక మనిషి ఉంటే మెయిన్ దగ్గర ఇంకో మనిషి ఉండాలి. మెయిన్ దగ్గరున్న మనిషి కేక వెయ్యాలి, నిచ్చెన మీదున్న మనిషి జవాబు చెప్పాలి, ఆ జవాబు చెవిన పడ్డాకే చెయ్యి కదలాలి. ఆపడానికైనా అంతే, వెయ్యడానికైనా అంతే. మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసినన్నాళ్ళూ ఆయన ఆ నియమం తప్పలేదు, ఎవరినీ తప్పనివ్వలేదు. పెళ్ళికొడుకు సరసాలాడతాడనుకుంటే కరెంటు పాఠాలు చెప్పాడని ఆవిడ కూతురి దగ్గర ఎన్నోసార్లు చెప్పుకుని నవ్వింది.

రిటైరయ్యాక ఆయనకు పొద్దు పోలేదు. "పేపరు ఎంతసేపని చదువుతాం, అన్నీ నిన్నటి సంగతులే" అని విసుక్కున్నాడు. ఇంటి వైరింగు పాతబడింది, గదులన్నీ ఒకటొకటిగా మార్చేస్తానని నిచ్చెన తీశాడు. ఈ పొద్దున పడకగది వంతు. తలుపు దగ్గర వేసిన దీపాన్ని మంచం మీంచే ఆర్పుకునేలా ఇంకో స్విచ్చి పెడుతున్నాడు. ఆమధ్య చీకట్లో ఆవిడ కాలి వేలు మంచం కోడుకు కొట్టుకుని వాచింది.

"నీకోసమేనోయ్ ఈ తంటా అంతా. ఇక రాణీగారిలా పడుకునే దీపం ఆర్పుకో" అన్నాడు నిచ్చెన మీంచి.

ఆవిడ నవ్వి ఊరుకుంది. మధ్యాహ్నం ఆయన పార్కుకు వెళ్ళగానే ఆ స్విచ్చి విప్పి మళ్ళీ బిగించడానికి మనిషికి అప్పుడే ఫోన్ చేసి ఉంచింది.

అది ఎండాకాలంలో మొదలైంది. ఆయన వంటింటి వైరింగు మార్చిన మర్నాడు ఫ్రిజ్ తలుపు తీయబోతే చెయ్యి భుజందాకా జివ్వుమంది. ఆయనకు చెప్పడానికి నోరు రాలేదు. అంతకు కొద్ది రోజుల ముందే డాక్టరు వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి, మరపు జబ్బు మొదలైందని, మెల్లగా ముదురుతుందని చెప్పాడు. ఆయన దాన్ని నవ్వులాటకు తిప్పేశాడు. "ఆ డాక్టరు గదిలో ట్యూబులైటు మినుకుమినుకుమంటోంది. అది కనబడలేదు గానీ నా బుర్రలో ఏదో కనబడిందట" అన్నాడు. ఆ నవ్వు ఇంకొన్నాళ్ళు నిలబడాలని ఆవిడ కోరిక. అందుకే బక్కోణ్ణి పిలిచింది.

బక్కోడు ఒకప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడు. అప్పట్లో పెట్టిన పేరు. ఇప్పుడు పొట్ట బోర్డుకు తగులుతుందని పక్కకు తిరిగి నిలబడి పనిచేస్తాడు. ఆరోజు వంటింటి బోర్డు విప్పి వైర్లన్నీ ఒకటికి రెండుసార్లు చూశాడు. "గురువుగారి చేతిలో ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదమ్మా" అన్నాడు చివరికి. తప్పుగా కలిపిన వైరు సరిచేసి, మూత మళ్ళీ ఎప్పటిలా బిగించి, పెరటి దారిన వెళ్ళిపోయాడు.

ఆనాటినుంచి ఆయన పొద్దున కట్టింది మధ్యాహ్నం వాడు విప్పి కడుతున్నాడు. ఇరుగుపొరుగు వింటారని ఆవిడ అప్పుడు కేక వెయ్యదు. బక్కోడు గుమ్మంలోంచి చెయ్యి ఊపుతాడు, ఆవిడ చప్పుడు చెయ్యకుండా మెయిన్ ఆపుతుంది. ప్రతిసారీ తన చెయ్యి తనది కానట్టే ఉంటుంది. సాయంత్రం ఆయన వచ్చి స్విచ్చి వేసి, దీపం వెలిగితే, "చూశావా" అంటాడు. "మీ చెయ్యి మీద అనుమానమేంటి" అంటుంది.

పడకగది పని ముగిసి, మళ్ళీ కేక వేసి మెయిన్ వేసిన కాసేపటికి, పదింటికి కూతురు వచ్చింది. చెప్పులు విప్పుతూనే తల్లిని పక్కకు లాగింది.

"రేపు పొద్దున లాయరు టైమిచ్చాడు. నాన్నకు చెప్పావా?"

"చెప్పా. సంతకం పెట్టనన్నారు."

"ఎందుకు పెట్టడట?"

"నా బుర్ర బాగానే ఉంది, ఇల్లంతా నా చేత్తో మార్చాను, ఒక్క దీపమైనా ఆగిందా అంటున్నారు."

కూతురు తల్లి ముఖంలోకి చూసింది. "ఎలా ఆగుతుందమ్మా? నువ్వు ఆగనిస్తే కదా. తెలివి ఉండగా పెడితేనే ఆ సంతకం చెల్లుతుందని లాయరు ఒకటికి పదిసార్లు చెప్పాడు. తర్వాత బ్యాంకు పనైనా ఇంటి పనైనా ఆయన తరఫున మనం వేలు పెట్టలేం. ఇవాళ నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"భోజనాలయ్యాక చూద్దాంలే."

"నీ భోజనాలు ఎప్పటికీ అవ్వవు."

ఆయన చేతులు తుడుచుకుంటూ హాల్లోకి వచ్చాడు. "తల్లీకూతుళ్ళు గుసగుసలాడుతున్నారంటే నా మీదేనన్నమాట. ఆ పవర్ ఆఫ్ అటార్నీ గొడవేనా?"

"గొడవేముంది నాన్నా. నీ పనులు నీ బదులు అమ్మ చెయ్యడానికి కాగితం. అంతే."

"నా బదులు ఎందుకు? నేను చచ్చానా?"

"అలా మాట్లాడకు."

"మరెలా మాట్లాడను? పిచ్చివాడి చేత రాయించుకునే కాగితం నాతో రాయిస్తున్నారు. ఇదిగో, ఇలా రా. మీ డాక్టరు కాదు, ఈ బోర్డు చెబుతుంది నా బుర్ర సంగతి. లోపల వైర్లు ఎలా కట్టానో చూసి మాట్లాడు." ఆయన స్టూలు లాగి ఎక్కాడు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి హాలు బోర్డు మూత విప్పడం మొదలుపెట్టాడు.

వంటింటి గుమ్మంలో ఆవిడ కొయ్యబారిపోయింది. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. మెయిన్ ఆపమని ఆయన అడగలేదు. అడగాలన్న సంగతే ఆయనకు తట్టలేదు. మూత ఊడి చేతిలోకి వచ్చింది. స్క్రూడ్రైవర్ మొన లోపలికి పోతోంది.

ఆవిడ వరండాలోకి పరుగెత్తి మెయిన్ లాగేసింది.

ఫ్యాను ఆగింది. ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

"ఎవరది?" ఆయన గొంతు గట్టిగా వచ్చింది. "కేక వెయ్యకుండా ఎవరు ఆపారు?"

"నేనే" అంటూ ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. రొప్పుతోంది.

"నువ్వా? ఇన్నేళ్ళు నేర్పిస్తే ఇదా నువ్వు నేర్చుకుంది?"

"మీరు ఆపమని చెప్పలేదండీ. కరెంటు ఉండగానే మూత తీశారు."

ఆయన చేతిలోని స్క్రూడ్రైవర్ వైపు చూశాడు. పైకి, ఆగిన ఫ్యాను వైపు చూశాడు. తర్వాత మొండిగా, "అయినా కేక వెయ్యాలి. నువ్వెప్పుడూ వెయ్యకుండా ఆపలేదు" అన్నాడు.

ఆ ఒక్క మాట ఆవిడ తట్టుకోలేకపోయింది. "ఆపానండీ. ఎండాకాలం నుంచీ ఆపుతూనే ఉన్నాను. మీరు పార్కుకు వెళ్ళగానే బక్కోడు వస్తాడు. మీరు కట్టినవి విప్పి కడతాడు. మీ ముఖం చిన్నబోతే చూడలేక చెప్పలేదు."

ఆయన స్టూలు దిగి దాని మీదే కూలబడ్డాడు.

"ఈ హాలు?"

"హాలు కూడా."

"వంటిల్లు?"

ఆవిడ తల వంచుకుంది. కూతురు మెల్లగా, "నాక్కూడా తెలుసు నాన్నా. అమ్మ ఒక్కతే కాదు" అంది.

"అయితే ఈ ఇంట్లో నేను కట్టింది ఏదీ లేదన్నమాట."

"వీధి గుమ్మం దీపం మీదే" అంది ఆవిడ గబగబా. "బక్కోడు దాన్ని ముట్టుకోలేదు. గురువుగారి చెయ్యంటే ఇదీ అన్నాడు."

మామూలుగా అయితే ఆయన నవ్వేవాడే. ఇప్పుడు స్క్రూడ్రైవర్ మొన మీద బొటనవేలు రాస్తూ కూర్చున్నాడు.

"చెయ్యి తప్పిందని చెప్పి ఉంటే ఏడ్చేవాణ్ణో ఊరుకునేవాణ్ణో, నా పాట్లు నేను పడేవాణ్ణి. కానీ నేను నిచ్చెన మీదున్నాను. నాకు తెలియకుండా వెనక ఇంకో చెయ్యి తిరిగింది చూడు, అది భయం నాకు. రోజూ చూశావా అని నీ ముందు మురిసిపోయాను. నువ్వు తలూపావు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిట్టినా బాగుండేది. ఆయన లేచి వరండాలోకి వెళ్ళి, మెయిన్ కిందనున్న కుర్చీలో కూర్చున్నాడు. భోజనానికి రమ్మంటే తర్వాత అన్నాడు. పార్కుకు వెళ్ళే వేళయినా కదల్లేదు. పెరటి తలుపు దగ్గరకొచ్చిన బక్కోణ్ణి ఆవిడ సైగ చేసి పంపించేసింది. పంపించాక, ఇది కూడా ఆయనకు తెలియకుండానే చేశానని గుర్తొచ్చి, వరండాలోకి వెళ్ళింది.

"బక్కోడు వచ్చాడండీ. వెళ్ళిపొమ్మన్నాను" అంది.

ఆయన తలెత్తి చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "రేపు రమ్మను. వీధి గుమ్మంలోంచి రమ్మను" అన్నాడు. ఆగి, "రేపు లాయరు దగ్గరికి ఎన్నింటికి?" అని అడిగాడు.

"మీకు ఇష్టం లేకపోతే వద్దు. పెట్టినా నా పేరు వద్దండీ, అమ్మాయి పేరు రాయించండి. ఇన్నాళ్ళు మిమ్మల్ని మోసం చేసినదాన్ని నేను."

"మోసం చేసినదానివే" అన్నాడాయన. "కానీ ఇవాళ నువ్వు మెయిన్ దగ్గరికి పరుగెత్తకపోతే నేనిక్కడ కూర్చునేవాణ్ణి కాదు. అన్నం వడ్డించు."

మర్నాడు లాయరు కాగితాలు ముందు పెట్టి, ఈ రాతకు అర్థం తెలిసే సంతకం పెడుతున్నారా అని అడిగాడు. ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు.

"నేను నిచ్చెన మీదుంటాను. ఈవిడ మెయిన్ దగ్గరుంటుంది. అంతే కదండీ?"

లాయరు కలం ఆయన వైపు జరిపాడు. "అంతేనండీ."

"కేక వెయ్యకుండా ముట్టుకోకూడదు. అది రాశారా ఇందులో?"

"అలాంటివి ఇందులో రాయరండీ."

"అయితే ఈవిణ్ణి నోటితో చెప్పమనండి."

"ముట్టుకోను" అంది ఆవిడ. ఆయన వైపు తిరిగి మళ్ళీ చెప్పింది. "మీకు చెప్పకుండా ఏదీ ముట్టుకోను."

"నాకు అర్థం కాని రోజు వస్తుంది. అప్పుడో?"

"అప్పుడూ చెబుతాను."

ఆయన సంతకం పెట్టాడు. కూతురు కిటికీ వైపు తిరిగి ముక్కు తుడుచుకుంది.

ఆ మధ్యాహ్నం బక్కోడు వీధి గుమ్మంలోంచి వచ్చి గురువుగారి కాళ్ళు పట్టుకోబోతే, "పొట్ట నలుగుతుంది, లే" అన్నాడాయన. పడకగదిలో నిన్నటి పని సరిచెయ్యడానికి నిచ్చెన మీద బక్కోడు, కింద కుర్చీలో టార్చి పట్టుకుని ఆయన. గుమ్మంలో కూతురు.

ఆవిడ వరండాలో మెయిన్ ముందు నిలబడింది.

"మెయిన్ ఆపుతున్నానండీ."

జవాబు రాలేదు. లోపల ఆయన తన చేతిలోని టార్చి వైపు, ఇది ఎందుకు పట్టుకున్నానా అన్నట్టు చూస్తున్నాడు.

"ఆపెయ్యండమ్మా, నేను సిద్ధంగానే ఉన్నా" అన్నాడు బక్కోడు.

"ఆపెయ్యమ్మా" అంది కూతురు కూడా.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. చెయ్యి మెయిన్‌కు దగ్గరగానే ఉంది, దాన్ని తాకలేదు. పెళ్ళయిన కొత్తలో ఆయన నేర్పినట్టే, ఒక్కొక్క అక్షరం విడమరిచి మళ్ళీ కేక వేసింది.

"మెయిన్ ఆపుతున్నానండీ."

కాసేపటికి, చాలా దూరంనుంచి నడిచొచ్చినట్టు, లోపలినుంచి ఆయన గొంతు వచ్చింది.

"ఆఁ. ఆపు."

అప్పుడు ఆపింది.