పదిహేడో నంబరు వాల్వు

సోమవారం ఉదయం ఆరూ పది. హోసూరు పక్క మూకండపల్లిలో మొదటి షిఫ్టు వాళ్లు టీ గ్లాసులు దించి ఫ్యాక్టరీ గేట్ల వైపు నడుస్తున్న సమయం. ఆంజప్ప రోడ్డు దాటుతున్నాడు. యాభై రెండేళ్ల మనిషి. ఇరవై ఆరేళ్లుగా మెషిన్ ఆపరేటర్. రోడ్డు దాటేటప్పుడు రెండు వైపులా చూసే అలవాటున్నవాడు. ఆ రోజూ చూశాడు. కానీ నంబరు ప్లేటు లేని టెంపో పెట్రోల్ బంకు లోపలి నుంచి దూసుకొచ్చింది. గుద్ది, ఆగకుండా హైవే ఎక్కేసింది.

పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకున్నారు. ముందు రోజు సాయంత్రం ఆంజప్ప ఒక సర్కారు నంబరుకు ఫోన్ చేసి, "రాకెట్ వాల్వు సంగతి ఒకటి ఉండాది. ఫోన్లో చెప్పను, మనిషిని పంపించండి" అన్నాడని వాళ్లకు తెలియదు. ఆ మనిషి బెంగళూరులో బయల్దేరేసరికే ఆంజప్ప మార్చురీలో ఉన్నాడు.

ఆ మనిషి పేరు చెన్నకేశవ. వయసు ముప్పై ఎనిమిది. పుట్టింది ఉద్దనపల్లిలో, చదివింది హోసూరులో, ఉద్యోగం దేశ రహస్య సర్వీసులో. గూఢచారి అనగానే మీకేదో తోస్తుంది. పదేళ్లలో మనవాడు తుపాకీ తీసింది రెండుసార్లు, ఫైలు తీసింది రెండువేల సార్లు.

మధ్యాహ్నం రెండు గంటలకు కృష్ణగిరిలో బ్రీఫింగ్. ఊరి బయట మామిడి పల్ప్ ఫ్యాక్టరీ. డిసెంబర్‌లో అక్కడ ఈగ కూడా వాలదు, అందుకే సర్వీసు వాళ్లకు ఆ చోటంటే ఇష్టం.

"తోతాపురి దొరుకుతుందా?" గేటు దగ్గర అడిగాడు కేశవ.

"జూన్‌లో రండి," అన్నాడు వాచ్‌మన్. కోడ్ సరిపోయింది. గేటు తెరుచుకుంది.

చీఫ్ జ్ఞానాంబ ఖాళీ డ్రమ్ముల మధ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. ఆమెది కృష్ణగిరిలో బట్టల కొట్టు పెట్టుకున్న కుటుంబం. మనిషిని చూసి కొలత చెప్పగలదు.

"ఎల్లుండి బుధవారం, మూడూ నలభై. శ్రీహరికోట నుంచి లాంచ్. పైన మన వాతావరణ ఉపగ్రహం. రెండో స్టేజి మొత్తం హోసూరు ప్రైవేటు కంపెనీ చేసినాది, నింగి ఏరోస్పేస్."

"ఆంజప్ప పనిచేసిన కంపెనీ."

"అదే. ఈ ఫ్లైట్ బాగా పైకి పోతే ఢిల్లీ కమిటీ ప్రైవేటు వాళ్లకు తలుపు తెరుస్తుంది. పేలితే మూసేస్తుంది. అప్పుడు మన ఉపగ్రహాలు ఇంకో పదేళ్లు బయటి దేశం రాకెట్లు ఎక్కాల్సిందే." ఒక ఫొటో ముందుకు తోసింది. తెల్ల గడ్డం, గడ్డి టోపీ. "క్లైన్. ఆ బయటి రాకెట్ల ముఠా మనిషి. ఇప్పుడు బాగలూరులో గులాబీలు పెంచతా ఉండాడు."

"లాంచ్ ఆపేయొచ్చు కదా మేడం?"

"ఒక ఆపరేటర్ రోడ్డు మీద చచ్చిపోయినాడని రాకెట్ ఆపరప్పా. కాగితం అడగతారు. కాగితాలన్నీ క్లీన్. ఆడిట్ చేసి సంతకం పెట్టింది ఎవరు?"

కేశవే. అక్టోబర్ నెలాఖరులో, బెంగళూరు ఆఫీసులో, ఏసీ కింద. రెండు వందల పన్నెండు రూట్ కార్డులు. ఏ పార్టు ఏ రోజు, ఏ మెషిన్ మీద, ఎవరి చేతిలో తయారైందో రాసే అట్ట కార్డులు అవి. రెండు రోజుల్లో అన్నీ చూసి సంతకం చేశాడు. ఆ స్పీడుకు అప్పట్లో మెచ్చుకున్నారు కూడా.

జ్ఞానాంబ అతని చేతికి ఒక వాచీ ఇచ్చింది. దగ్గర్లో మైక్రోఫోన్ ఏదైనా ప్రసారం చేస్తుంటే అది వణుకుతుంది.

"ఇంకొక మాట కేశవప్పా. బాగలూరులో నీకు తెలిసిన ముఖం కనిపిస్తే పలకరించొద్దు. ఆర్డర్."

"ఎవరు మేడం?"

"చెప్పను."

మంగళవారం సాయంత్రం ఐదు. తెల్ల చొక్కా, మెడలో గొలుసు, నుదుట కుంకుమ, చంకలో తోలు బ్యాగు. చెన్నై పూల వ్యాపారి ప్రసాదు వేషంలో కేశవ బాగలూరు గులాబీల ఫార్మ్ గేటు దగ్గర దిగాడు. సూపర్‌వైజర్ మంజు అడ్డం వచ్చాడు.

"ముళ్లు తీయని తాజ్‌మహల్ కావాల," అన్నాడు కేశవ.

ఎర్ర గులాబీల్లో ఆ రకం ఎగుమతికి పోతుంది, ముళ్లు తీసి కట్ట కడతారు. తీయకుండా కావాలని ఏ వ్యాపారీ అడగడు. అది ముఠా పాస్‌వర్డు, సర్వీసు వాళ్లు ఎక్కడో పట్టింది. మంజు పక్కకు జరిగాడు.

ప్లాస్టిక్ కప్పు కింద పూలు పెంచే పాలీహౌస్‌లో అడుగుపెట్టగానే వాచీ వణకడం మొదలైంది. పైన ప్రతి పది అడుగులకూ తేమ కొలిచే వైర్‌లెస్ సెన్సర్ వేలాడుతోంది. వాటికే ఇది రెచ్చిపోతోందని విసుక్కుని కేశవ వాచీ ఆపేశాడు. నాలుగో వరుస దగ్గర ఆగిపోయాడు.

సౌందర్య.

ముదురు ఆకుపచ్చ పట్టుచీర, చల్లద్దాలు, భుజం మీద గులాబీ ఆకారంలో వెండి పిన్ను. పూలు కోసే ఆడవాళ్లు కూడా పని ఆపి ఆమెను చూస్తున్నారు. నింగి ఏరోస్పేస్‌లో క్వాలిటీ హెడ్. అంతకుముందు, ఐదేళ్ల కిందటి వరకు, సర్వీసులో కేశవ బ్యాచ్‌మేట్. లగ్నపత్రిక కూడా రాసుకున్న మనిషి.

పెళ్లికి ఇరవై రోజులుందనగా ఆమె రాజీనామా చేసి నింగిలో చేరింది. "రాకెట్ దేశానిది, కంపెనీది కాదు. లాభం చూసుకునేవాడి చేతిలో పెట్టే పనా ఇది?" అని అరిచాడు కేశవ. "మా నాయన ముప్పై ఏండ్లు షెడ్డులో లేతు మీద రాకెట్ బోల్టులు కోసినాడు. అది ప్రైవేటు కాదా? వెండర్ అని పేరు పెట్టి మూల కూర్చోబెట్టినారు. వచ్చి ముందు నిలబడతామంటే మాత్రం దేశం గుర్తొస్తుందా?" అంది ఆమె. ఇద్దరి మాటల్లోనూ నిజముంది. అలాంటి గొడవలే తెగవు. పెళ్లి తెగిపోయింది.

"ఏమప్పా, పూల యాపారమా?" అంది సౌందర్య, ముక్కూ మొహం తెలియని వాడిని అడిగినట్టు.

పలకరించొద్దని ఆర్డర్. కేశవ కాళ్లు కదల్లేదు.

"నువ్వు ఈడ ఏం చేస్తా ఉండావు?"

ఆమె చల్లద్దాలు తీసింది. కళ్ల కింద నలుపు. "ఈ తూరి పండగకు రాలేదే. మా మిషన్లకు పూజ మా అమ్మే చేసినాది. నువ్వు ఉంటే బాగుండు."

"పండగ మాట్లాడే టైమా ఇది?"

"ఇప్పుడు మాట్లాడకపోతే ఎప్పుడు మాట్లాడేది?"

కేశవ ఐదేళ్ల కోపం ఒక్కసారిగా బయటపడింది. "నాతోపాటు జెండా ముందర చెయ్యి ఎత్తి ప్రమాణం చేసినదానివి నువ్వు. సర్వీసు వదిలి జీతానికి పోయినావు, సరే అనుకున్నాను. ఇప్పుడు ఈ దొరకు అమ్ముడుపోయినావా?"

సౌందర్య చెయ్యి చటుక్కున భుజం మీది పిన్నును మూసింది. ఆలస్యమైంది. ఆ పిన్నులో మైకు ఉందని కేశవకు తెలియదు. ఆమె ఒకప్పుడు సర్వీసు మనిషని అంతవరకూ క్లైన్‌కు తెలియదు. ఆ ఒక్క క్షణంలో తెలిసిపోయింది.

ఆమె చల్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. తిట్టలేదు, ఏడవలేదు.

"పో కేశవా," అంది. "పొద్దు పోతా ఉండాది. టైముకు అన్నం తిను."

దొరికిపోయిన మనిషి మాట తప్పిస్తోందని అనుకున్నాడు కేశవ. బయటికి నడిచాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

బుధవారం మధ్యాహ్నం వరకు ఏ ఆధారమూ దొరకలేదు. రెండూ యాభైకి కేశవ మూకండపల్లిలో ఆంజప్ప ఇంటికి వెళ్లాడు. మూడో రోజు పాలు పోసి వచ్చిన చుట్టాలు వసారాలో కూర్చున్నారు. ఆంజప్ప భార్య అముద గోడకు ఆనుకుని ఉంది.

"అముదమ్మా, ఆయన చివరి రోజుల్లో దేని గురించైనా బాధపడినాడా?"

"ఒకటే మాట సారూ. ఆయుధ పూజ నాడు నా మిషను ఎవరు తిప్పినారు, అని. కార్డులో ఆ తేదీ ఉండాదంట, పక్కన ఈయన పేరు ఉండాదంట. ఆ పొద్దు ఈయన ఇంట్లోనే ఉండాడు. చూసినోళ్లను అందరినీ అడగతా తిరిగినాడు."

కేశవ బ్యాగులోంచి టాబ్లెట్ తీశాడు.

హోసూరులో ఆయుధ పూజ నాడు మెషిన్ తిరగదు. పెద్ద ఫ్యాక్టరీ కానీ, ఒకే లేతు ఉన్న రేకుల షెడ్డు కానీ. కడిగి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టి, పనిముట్లన్నీ దేవుడి ముందు పెడతారు. మళ్లీ ముట్టుకునేది మర్నాడే. ఎంత అర్జెంటు ఆర్డరైనా సరే, ఆ ఒక్కరోజు స్విచ్ మీద ఎవరూ చెయ్యి వేయరు. ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి.

టాబ్లెట్‌లో రూట్ కార్డులు తెరిచాడు. ఫ్యూయల్ వాల్వు, నంబరు పదిహేడు. తేదీ: అక్టోబర్ ఒకటి. ఆయుధ పూజ. కింద ఆడిటర్ సంతకం. తనదే.

"ఇంకొకటి సారూ," అంది అముద. "పూజ అయిన మర్నాడు ఫ్యాక్టరీలో సామి అరలో ఒక పీసు ఉండాదంట. అడిగితే, సామి దగ్గర పెట్టింది, ఎవరూ తీయొద్దు అనిందంట సౌందర్యమ్మ. ఈయన తీయలేదు."

మూడూ ఐదు. కేశవ పరుగెత్తుతూనే జ్ఞానాంబకు ఫోన్ చేశాడు.

"పదిహేడో వాల్వు దొంగది. పూజ రోజు కోసినారు. లాంచ్ ఆపండి మేడం!"

"పూజ రోజు మిషన్ తిరిగింది కాబట్టి రాకెట్ ఆపమని నేను శ్రీహరికోటకు చెప్పేదా?" జ్ఞానాంబ గొంతు వణికింది. ఆమె గొంతు వణకడం కేశవ ఎప్పుడూ వినలేదు. "ప్రూఫ్ తీసుకురా. పరుగెత్తప్పా!"

ఎస్టేట్ రోడ్డు నిండా షిఫ్టు బస్సులు. ఆటో దిగి పరుగు. నింగి గేటు మూడూ ఇరవై నాలుగు. సెక్యూరిటీ గార్డు విజిటర్ రిజిస్టర్ తెరిచి, పేరు, ఊరు, ఎవరిని చూడాలి అని అడిగాడు. కేశవ అతన్ని తోసుకుని లోపలికి వెళ్లాడు. మెషిన్ హాలు చివర గోడకు పూజ అర. దేవుడి పటాల వెనక చెయ్యి పెట్టాడు. చల్లటి లోహం తగిలింది.

అరచేతిలో పట్టేంత వాల్వు. ఎండిపోయిన పసుపు, కుంకుమ బొట్టు. అంచున చెక్కిన అంకె: పదిహేడు.

ఒకే నంబరుతో రెండు వాల్వులు ఉండవు. అసలుది అతని చేతిలో ఉంది. రాకెట్‌లో ఉన్నది దొంగది, గడ్డకట్టించే ఇంధనం చలికి పగిలేది. ఫొటో, వీడియో, నంబరు క్లోజప్. పంపేసరికి మూడూ ముప్పై ఆరు.

హాలులో టీవీ పెట్టారు. కార్మికులంతా గ్రీజు చేతులతో దాని ముందు నిలబడి ఉన్నారు. తాము కోసిన పార్టులు ఎగరడం చూడాలని. ముప్పై. ఇరవై. పదకొండు. పది. తొమ్మిది.

ఎనిమిది దగ్గర అంకె ఆగిపోయింది. హోల్డ్.

హాలంతా ఉసూరుమంది. ఒక్క కేశవ నేల మీద కూలబడి ఊపిరి తీసుకున్నాడు. ఫోన్ మోగింది.

"ఆగింది," అంది జ్ఞానాంబ. "ఇప్పుడు విను. సౌందర్య మన మనిషి. రాజీనామా నాటకం, నేనే రాయించినాను. ఐదేండ్లు క్లైన్ కోసం కాచుకుని ఉండాది. మూడు నెలల ముందు వాడు, ఆమె మన మనిషని తెలియకనే, క్వాలిటీ హెడ్ కదా అని బెదిరించి లోబరుచుకున్నాడు. ఇంట్లో వాళ్లమ్మ పక్కన వాడి మనిషి, ఒంటి మీద వాడి మైకు. ఆఖరున పంపిన కబురు ఒకటే. దొంగ పార్టు చేయక తప్పదు అంటే, హోసూరు మనిషి చూస్తే తెలిసేట్టు గుర్తు పెడతాను, అని. ఆ పొద్దు ఫ్యాక్టరీ ఖాళీగా ఉంటుందని క్లైన్‌కు చెప్పి ఉంటుంది. వాడూ సంతోషంగా ఒప్పుకుని ఉంటాడు."

నిన్న సౌందర్య పండగ మాట ఎందుకెత్తిందో కేశవకు ఇప్పుడు తెలిసింది.

"అందుకే ఆడిట్ నీకు ఇచ్చినాను. నువ్వు హోసూరోడివి కదా. నువ్వు సంతకం పెడితే, గుర్తు లేదు, దొంగ పార్టు లేదు అనుకున్నాను. నిన్న ఆమెతో మాట్లాడినావా?"

"మాట్లాడినాను."

"ఏమన్నావు?"

కేశవ చెప్పాడు. చెప్పడానికి రెండు వాక్యాలు చాలాయి. "బాగలూరుకు పో, ఇప్పుడే," అంది జ్ఞానాంబ.

బాగలూరు ఫార్మ్ చేరేసరికి నాలుగూ ఇరవై. క్లైన్ అప్పటికే అత్తిబెలె టోల్‌గేట్ దగ్గర, గులాబీల వ్యాన్‌లో, మూడు పాస్‌పోర్టులతో దొరికాడు. మంజు చేతులు పైకెత్తి కోల్డ్ రూమ్ వైపు చూపించాడు. బయట గడియ వేసి ఉంది. లోపల రెండు డిగ్రీలు. ఎగుమతికి సిద్ధంగా తాజ్‌మహల్ పెట్టెలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. వాటి మధ్య సౌందర్య మోకాళ్లు ముడుచుకుని, పట్టుచీర కొంగు తల మీదుగా చుట్టుకుని కూర్చుంది. గొంతు మీద వేళ్ల గుర్తులు. చనిపోయి ఐదారు గంటలైందన్నాడు డాక్టర్.

కేశవ తన చొక్కా విప్పి ఆమెకు కప్పాడు. వేడి చేయాల్సిన అవసరం ఇక లేదని అతనికి తెలుసు. అయినా కప్పాడు. ఆమె పక్కనే కూర్చుని ఏడ్చాడు. జ్ఞానాంబ మనుషులు వచ్చి లేపేదాకా లేవలేదు.

పదకొండు రోజుల తర్వాత అసలు పదిహేడో వాల్వుతో రాకెట్ ఎగిరింది. ఉపగ్రహం కక్ష్యలో చేరింది. ఢిల్లీ కమిటీ ప్రైవేటుకు తలుపు తెరిచింది. హోల్డ్ ఎందుకు పడిందని పత్రికల వాళ్లు అడిగితే, కాగితాల్లో చిన్న తేదీ తేడా అన్నారు. అబద్ధం కాదు.

కర్మాంతరాల రోజు సౌందర్య తల్లి చెన్నమ్మ కేశవను పక్కకు పిలిచింది.

"వచ్చినోళ్లంతా అడగతా ఉండారు కేశవా. మా పాప యాడ పని చేస్తా చచ్చిపోయినాది? సర్కారు పనా, ప్రైవేటు పనా? నేనేం చెప్పేది?"

"దేశం పని అమ్మా," అన్నాడు కేశవ.

శౌర్య పతకం కోసం ఫారం అతనే నింపాడు. సర్వీసు రికార్డుల్లో ఆమె ఐదేళ్ల కిందటే రాజీనామా చేసిన మనిషి. కంపెనీ రికార్డుల్లో దొంగ వాల్వు బిగించిన మనిషి. నాలుగో గడిలో 'ప్రభుత్వ / ప్రైవేటు: వర్తించని దానిని కొట్టివేయుము' అని ఉంది. కేశవ చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని, ఏదీ కొట్టకుండా పంపించాడు.

వారానికి ఫారం తిరిగొచ్చింది. నాలుగో గడి సరిగా నింపలేదట.