నలభై ఒకటో పేజీ

బర్కత్ అలీకి ఒక జబ్బు ఉంది. కూతురి సంగతి ఎవరైనా అడిగితే పది నిమిషాలు చెబుతాడు. అడగకపోతే అరగంట చెబుతాడు. సిరొంచ బజారులో ఆయనది మోటార్లు బాగుచేసే దుకాణం. బోరు మోటారు కాలిపోయి పరుగున వచ్చిన రైతు ఎవరైనా సరే, కూతురు సబా గుహలో ఎంత దూరం ఈదబోతున్నదో ముందు వినాలి. మోటారు దించుకోవడం ఆ తర్వాతే.

ఆ మంగళవారం పొద్దున కూడా చాయ్ గ్లాసుతో గడప మీద కూర్చుని, రేగుంట పోశానికి ఫోన్‌లో అదే చెబుతున్నాడు.

"మేఘాలయ అన్నా! గువాహటి దాటినంక. కొండ కింద గుహ, గుహ నిండ నీళ్లు. రెండు కిలోమీటర్లు లోపటికి ఈదుకుంట పోతరు. ఇప్పటిదాంక ఎవరు పోలే. ఐదుగురు పోతుండ్రు, మొత్తం ప్లాన్ చేసింది మా సబానే. ఆఁ, నీ మోటారా? రేపు ఇస్త గని, జర విను..."

వంటింట్లో రొట్టెలు కాలుస్తున్న ఆయన భార్య ఫహ్మిదా నవ్వాపుకుంది. "ముందు ఆయన మోటారు ఇయ్యుండ్రి. నారుమడి ఎండుతున్నదట," అని కేకేసింది.

గొప్పలు చెప్పుకోవడంలో బర్కత్ అలీ తప్పు కూడా ఏమీ లేదు. సబా చెప్పుకోదగ్గ పిల్లే. ఏడేళ్లప్పుడు తండ్రి వీపు పట్టుకుని ప్రాణహితలో ఈత నేర్చింది. పుణెలో చదివి, అండమాన్‌లో నాలుగేళ్లు టూరిస్టులకు నీటి అడుగున ఈదడం నేర్పింది. ఆ జీతం కూడబెట్టి, పరాయి దేశం వెళ్లి, నీళ్లు నిండిన గుహల్లో ఈదే శిక్షణ తీసుకుంది. ఆ తర్వాత రెండేళ్లు ఈ ఒక్క ప్రయాణం మీదే కూర్చుంది. డబ్బు కోసం అరవై కంపెనీలకు ఉత్తరాలు రాస్తే మూడింటి నుంచి జవాబు వచ్చింది. ఆమె దానికి కుంగిపోలేదు, మరో అరవై రాసింది. చివరికి పుణెలోని ఒక సాహసయాత్రల సంఘం సగం ఖర్చు ఇస్తామని ఒప్పుకుంది. కాగితాలన్నీ శుక్రవారం లోపల అందాలి. అందకపోతే ఆ డబ్బు ఇంకొకరికి పోతుంది. గుహలో నీళ్లు తేటగా ఉండేది చలికాలంలోనే కాబట్టి, ఇక వచ్చే ఏటి మాటే.

ఆ కాగితాలన్నీ ఇప్పుడు చాప మీద పరిచి ఉన్నాయి. నలభై ఒక్క పేజీలు. ఎవరు ఏ గాలి సిలిండర్ మోయాలి, ఏ బాటలో కొండ ఎక్కించాలి, దీపాలన్నీ ఆరిపోతే తాడు పట్టుకుని తడుముకుంటూ ఎలా బయటికి రావాలి, అన్నీ అందులో ఉన్నాయి. గాలిని మూడు వాటాలు చేస్తారట. ఒకటి పోవడానికి, ఒకటి రావడానికి. మూడోది ఆపద వస్తే తప్ప ముట్టరు. అది విన్నప్పుడు ఫహ్మిదా లోలోపల మురిసిపోయింది. ఇంటి ఖర్చు తనెప్పుడూ అంత పొదుపుగా నడపలేదు.

"అమ్మీ, ఈ ఆఖరి పేజీ మీద నువ్వు సంతకం పెట్టాలె," అంది సబా. ఇంగ్లీషు కింద తన చేత్తో తెలుగులో కూడా రాసి ఉంచింది.

"నా పేరెందుకు పెట్టలే?" అన్నాడు బర్కత్ అలీ, చిన్నబుచ్చుకుని.

"మీరు చదవకుంటనే పెడ్తరు అబ్బా. ఇది చదివి పెట్టాలె."

ఫహ్మిదా చేతులు తుడుచుకుని, కళ్లద్దాలు తెచ్చుకుని చదివింది. లోపల సబా చనిపోతే, ఆమె శరీరాన్ని బయటికి తెచ్చే ప్రయత్నంలో మిగతా వాళ్ల ప్రాణాలకు ముప్పు ఉంటే, అక్కడే వదిలేయడానికి తల్లిగా ఒప్పుకుంటున్నాను. అదీ సంగతి. పెనం మీద రొట్టె మాడిన వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు.

"నేను పెట్టను," అంది ఫహ్మిదా.

"అమ్మీ..."

"ఈ ఊర్ల మనోళ్లల్ల ఏ ఆడది పోయినా నన్నే పిలుస్తరు. ఇరవై రెండేండ్లాయె. ముసలోళ్లకు పోసిన, బాలింతలకు పోసిన, పాలు తాగే బిడ్డకు గూడ ఈ చేతులతోనే ఆఖరి స్నానం పోసి పంపిన. పరాయి బిడ్డలందరికి పోసి, నా బిడ్డను రాళ్ల కింద వదిలేయుమని రాసియ్యాల్నా? ఇది అడగనీకి నీకు నోరెట్ల వచ్చింది?"

బర్కత్ అలీ కాగితం లాక్కుని చదివాడు. "ఈ సంఘమోళ్ల పైసలు మనకొద్దు బేటా," అన్నాడు. "దుకాణం అమ్ముత. గిసుంటి కాగితం రాయించుకునేటోళ్లు మనుషులేనా?"

"సంఘమోళ్లు రాయలే అబ్బా," అంది సబా. "వాళ్లు ప్లాన్ రాయమన్నరు, గంతే. ఈ పేజీ రాసింది నేను."

సబా తండ్రి చేతిలోంచి కాగితం తీసుకుని తల్లి వైపు తిరిగింది.

"లోపట ఒకరు పోతే మిగిలినోళ్లు వదిలిపెట్టి రారు, అమ్మీ. దోస్తులు గద. మూడో వాటా గాలి గూడ ఖర్చు పెట్టి ఎతుకుతరు. ఒక్కరి కోసం ఇంకొకరు, ఆయన కోసం మరొకరు. వద్దని నేను చెప్తే వినరు. మా అమ్మ వద్దన్నదని తెలిస్తే ఆగుతరు. మిగిలిన నలుగురి ఇండ్లకు నేనే పోయిన. ఒక్కో తల్లి ముంగట కూసొని సంతకం పెట్టించుకున్న. ఒకామె నన్ను వెళ్లగొట్టింది, మళ్ల పోయిన. వాళ్లను అడిగి, నిన్ను అడగకుంటె ఎట్ల?"

ఫహ్మిదా లేచి పెరట్లోకి వెళ్లిపోయింది.

రెండు రోజులు ఆ ఇంట్లో సరైన మాటల్లేవు. బుధవారం పోశం మోటారు కోసం వస్తే, బర్కత్ అలీ ఒక్క ముక్క మాట్లాడకుండా మోటారు చేతిలో పెట్టాడు. పోశం భయపడి, "ఒంట్ల బాగలేదా భాయ్?" అని అడిగాడట.

ఫహ్మిదాకు ఆ రెండు రాత్రులూ నిద్ర లేదు. శవానికి పరదా కట్టి స్నానం పోసేవాళ్లు ఆ పరదా వెనక చూసింది, విన్నది బయట పెట్టకూడదు. ఇరవై రెండేళ్లలో ఆమె ఎప్పుడూ పెట్టలేదు. కానీ ఆ మాటలు ఎక్కడికీ పోవు, లోపలే ఉంటాయి. వాటిలో ఒక మాట ఇప్పుడు ఆమెను పట్టుకుని వదలడం లేదు. అది ఏ ఇంటి మాటో ఆమె ఈ రోజుకీ చెప్పలేదు, కాబట్టి నాకూ తెలియదు.

గురువారం పొద్దున్నే కూతురిని లేపి ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"పేరు చెప్ప. ఊరు చెప్ప. అడగకు," అంది. "ఒక పొల్ల నదిల కాలు జారి పోయింది. బతికి లేదని అందరికి తెలుసు. అయినా ఎతకనీకి అన్న దిగిండు. ఇద్దర్ని ఒక్కనాడే తెచ్చిండ్రు. పొల్లకు నేను పోస్తున్న. తల్లి కాళ్ల కాడ కూసున్నది. బిడ్డ మొకం చూస్తలేదు. 'చెల్లెను తీసుకరాపో అని పంపింది నేనే, ఫహ్మిదా' అన్నది. 'దీన్ని నీళ్లకే ఇడిచిపెడితే నాకు ఒక్కడన్న మిగులుతుండె' అన్నది. బిడ్డ పక్కనుండంగనే అన్నది. నాకు అప్పుడు ఆమె మీద మస్తు కోపమొచ్చింది. గిదేం తల్లి అనుకున్న."

సబా తల్లి చేయి పట్టుకుంది.

"ఆమె తప్పేం లేదు. అప్పటికి ఆలిశమైంది, గంతే. నువ్వు ముందుగాల్నే అడిగినవ్." ఫహ్మిదా కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నలుగురు తల్లుల ముంగట కూసున్నవా, సబా? నాకైతే ఒక్కామె ముంగట కూసుండనీకి గూడ ధైర్నం చాలదు. నువ్వు నా కడుపుల ఎట్ల పుట్టినవో నాకు సమజైతలేదు."

"నీ కాడనే నేర్సుకున్న అమ్మీ," అంది సబా. "రాత్రి పన్నెండింటికి పిలిచినా పోతుంటివి. నాకు భయమైతుండె. నువ్వు ఒక్కనాడు గూడ భయమని అనలే."

అది విని ఫహ్మిదా ఏడ్చేసింది. తన పని కూతురు చూస్తున్నదని ఆమెకు ఏనాడూ తోచలేదు.

కాసేపటికి కాగితం ముందుకు లాక్కుంది. ఐదో తరగతి దాకా తెలుగు బడిలో చదివిన చేయి, ఒక్కో అక్షరం ఒత్తి రాసింది.

"ఆ నలుగురి నంబర్లు గూడ ఇయ్యి. మీరు లోపట ఉన్నన్ని రోజులు మేము ఒకరికొకరం మాట్లాడుకోవాలె గద. హిందీల మాట్లాడుత. వెళ్లగొట్టినామెతోని ముందుగాల మాట్లాడుత."

గడప దగ్గర నిలబడి అంతా విన్న బర్కత్ అలీ ముక్కు చీదుకున్నాడు. "మరి నేను?" అన్నాడు.

"మీరు పోయి ఆ కాగితాలు స్కాన్ చేయించి పంపుండ్రి. బజార్ల ఎవరు అడిగినా చెప్పకుండ్రి," అంది ఫహ్మిదా. "అడగకపోయినా చెప్తరని తెలుసు గని."

ఆయన వెళ్లాక ఆమె కుంకుడుకాయలు నానబెట్టి, పొయ్యి మీద నీళ్లు పెట్టింది. కాగాక పెరట్లో పీట వేసి, "రా, తల రుద్దుత," అంది.

"నేనేమన్న చిన్నపిల్లనా? ఇరవై ఎనిమిదేండ్లొచ్చె."

"కూసో."

సబా కూర్చుంది. ఫహ్మిదా చెంబుతో గోరువెచ్చని నీళ్లు పోసి, జుట్టులోకి వేళ్లు పోనిచ్చి రుద్దింది. నురగ నుదుటి మీదికి జారింది.

"అమ్మీ! కండ్లల్ల పడ్డది! మండుతుంది, ఆగు!" అని సబా తల విదిలించింది. నీళ్లు ఫహ్మిదా ముఖం మీద, రవిక మీద చిందాయి.

ఫహ్మిదా చేతులు ఒక్క క్షణం ఆగిపోయాయి. ఇరవై రెండేళ్లుగా ఆ చేతులు నీళ్లు పోసిన తలలేవీ ఇలా కదల్లేదు, గొడవ చేయలేదు, ఆగమని అరవలేదు.

"మండనీ," అంది నవ్వుతూ, ఏడుస్తూ. "మంచిగ మండనీ, బేటా." ఇంకో చెంబు ముంచి పోసింది.