అయిదో తూటా

1978 నవంబరు 3, శుక్రవారం. ఆ మధ్యాహ్నం తూసాన్ డాంజీ తీయటి గ్రేవీలో ఉడికిన మాంసపు ఉండలు రెండు, బంగాళాదుంప వేపుడుతో కలిపి తిన్నాడు. వంటామె మూడోది వడ్డించబోతే "కాల్చొచ్చి తింటా, మూత పెట్టి ఉంచమ్మా" అన్నాడు. మూడు గంటల పది నిమిషాలకు అతని చేతిలో రివాల్వర్ పగిలింది. సిలిండర్ పైనుండే ఇనుప పట్టీ ముక్క కణతలో దిగింది. మూడో ఉండ మూత కిందే ఉండిపోయింది.

సెర్వే కొలార్‌కు అన్నిటికంటే ఆ మూతే ఎక్కువ గుర్తుంది.

ఏడాది తిరగడానికి అయిదు రోజుల ముందు, అతను పనిచేసే గూఢచారి శాఖ బ్రస్సెల్స్ ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. డైరెక్టర్ ఫాన్ హోల్ బల్ల మీద ఒక్క కాగితం కూడా లేదు. అతను ఎప్పుడూ అంతే, ఏదీ చేతికి అంటనివ్వడు.

"ఆపరేషన్ హ్యూబర్ట్," అన్నాడు. "మీ లీజ్ ఊళ్ళో పాత తుపాకుల క్లబ్బు. వేటగాళ్ళ పండగ, సెయింట్ హ్యూబర్ట్ రోజు విందు. నువ్వు పాతికేళ్ళ మెంబరువి. ఎవరికీ అనుమానం రాదు. వెళ్ళు, తిను, కాల్చు. మదామ్ వెరెనాతో ఎవరెవరు మాట్లాడుతున్నారో ఫోటోలు తియ్యి. అంతే."

టైపిన్నులో కెమెరా. చెవిలో పెట్టుకోవడానికి శనగగింజంత రిసీవర్. కాలరు కింద దాచే మైకు. మూడూ బల్ల మీదికి వచ్చాయి.

"గిస్లాన్ సంగతి?" అన్నాడు సెర్వే.

జెట్ ఇంజన్ల లోహం తయారుచేసే లాబొరేటరీలో తూసాన్ కూర్చున్న కుర్చీలో ఇప్పుడు గిస్లాన్ కూర్చుంటున్నాడు. ఆ లోహం ఫార్ములా కోసం ఒక విదేశీ ముఠా తూసాన్‌ను అడిగింది. పొమ్మన్నాడు. నెల తిరక్కుండా చచ్చిపోయాడు. పోయిన వారం గిస్లాన్‌ను అడిగారు. అతనూ పొమ్మన్నాడు.

"గిస్లాన్‌కు ఏమీ కాదు."

"తూసాన్‌కు అయింది కదా."

"తూసాన్ ఫైలు మూసేశాం. నిర్లక్ష్యం. పాత తుపాకిలో కొత్త మందు కూరుకున్నాడు."

సెర్వే జేబులోంచి చేతిరుమాలు తీసి, బల్ల మీద విప్పాడు. అందులో పగిలిన సిలిండర్ ముక్కలు. అయిదు అరల చిన్న రివాల్వర్ అది. ఎనభై తొంభై ఏళ్ళ కిందట సైకిళ్ళ మీద పోయేవాళ్ళు వెంటపడే కుక్కల్ని బెదిరించడానికి జేబులో వేసుకుని తిరిగేవారు.

"నల్ల తుపాకిమందు కాల్చాక అదే సాయంత్రం వేడి సబ్బునీళ్ళతో కడగాలి. కడక్కపోతే తుప్పు పడుతుంది. వీటిని ఎవరూ కడగలేదు, కడగాల్సినవాడు పోయాడు కనక. చూడండి. నాలుగు అరలు తుప్పుపట్టి ఎర్రగా ఉన్నాయి. పగిలిన అయిదో అర శుభ్రంగా ఉంది, కొత్త మందుకు అలా తుప్పు పట్టదు. అంటే నాలుగు తూటాలు తూసాన్‌వి. అయిదోది వేరేవాళ్ళది. మా క్లబ్బులో ఆ రోజు అయిదో తూటా భోజనాల బల్ల దగ్గర పక్కన కూర్చున్నవాళ్ళు ఇస్తారు. ఆయన పక్కన కూర్చున్నది వెరెనా."

ఫాన్ హోల్ ముక్కల వైపు చూడను కూడా లేదు.

"తెలుసు," అన్నాడు.

"తెలుసా?"

"మార్చి నుంచి తెలుసు. ఆ ముఠా మనిషే. దొరికిపోయింది, మన వైపు తిరిగింది. ఇప్పుడు ఆవిడ మన డబుల్ ఏజెంట్. కోడ్‌నేమ్ ముత్యం. ఆవిడ వల్ల రెండు రాయబార కార్యాలయాల్లో గోడలకు చెవులు వచ్చాయి. ఇంకెవరినీ చంపనని మాట ఇచ్చింది."

"తూసాన్ ఫోటో క్లబ్బు గోడ మీంచి తీసేశారు, సార్. మందు తేడా తెలియనివాడని. నలభై ఏళ్ళు పిల్లలకు మందు కూరడం నేర్పినవాడు! ఆయన భార్య రొట్టెల కొట్టుకు వెళ్తే ఇరుగుపొరుగు మాటలు ఆపేస్తున్నారు. ఆ ఫైల్లో ఒక్క మాట మార్చడానికి మీకు ఏం అడ్డం?"

"చచ్చిపోయిన ముసలాయన పేరు పెద్దదా, దేశం పెద్దదా?"

సెర్వే రుమాలు నాలుగు మడతలు పెట్టాడు. రెండు చేతులూ పనిలో ఉండటం మంచిదైంది. లేకపోతే వాటిలో ఒకటి డైరెక్టర్ టై పట్టుకునేది.

*

లీజ్ శివార్లలో, హెర్‌స్టాల్ గుట్ట మీద మూతపడిన బొగ్గుగని దీపాల గదే క్లబ్బు. 1900 తర్వాత పుట్టిన తుపాకీని లోపలికి రానివ్వరు. నవంబరు 3న నలభైమంది వచ్చారు. తుపాకి పని చేసి రిటైరైనవాళ్ళు, నగిషీ చెక్కేవాళ్ళు, ఒక దంతవైద్యుడు, ఊరి పోలీసు కమిషనర్ రెమాకల్.

"ఏరా సెర్వే!" ప్రెసిడెంటు దియూదొన్నే గుమ్మంలోంచే అరిచాడు. "ఈసారైనా గురి పలకకు తగుల్తుందా, లేకపోతే కుక్కలు నవ్వుకుంటూ పోవాలా?"

"నీ కళ్ళద్దాలు ఇలా పారెయ్ ముసలోడా. ఎలాగూ నీకు పనికిరావడం లేదు."

అందరూ నవ్వారు. సెర్వే కూడా నోరు తెరిచాడు గాని నవ్వు రాలేదు. అతని కళ్ళు గోడ మీదున్నాయి. తూసాన్ ఫోటో ఉండే చోట ఖాళీ మేకు. ఏడాదైనా ఆ మేకుకు ఎవరూ ఇంకేదీ తగిలించలేదు. దాని కింద చిన్న బల్ల మీద, ఎవరికీ చెప్పకుండా, వంటామె ఒక కంచం పెట్టి మూత వేసి ఉంచింది.

ఆ కంచం చూశాక అతని కోపానికి కాళ్ళు నిలదొక్కుకునే చోటు దొరికింది.

మదామ్ వెరెనా వచ్చింది. బూడిదరంగు బొచ్చు కోటు, మెడలో ఒంటిపేట హారం, చేతిలో ముత్యపుచిప్ప పిడి రివాల్వర్. పాత తుపాకులు సేకరించడానికి స్విట్జర్లాండ్ నుంచి వచ్చిందని పేరు. ఏ తుపాకి మీద ఏ ముద్ర ఏ ఏడు కొట్టారో గుక్కతిప్పుకోకుండా చెప్పేది. ముసలాళ్ళందరికీ ఆవిడంటే పిచ్చి. దంతవైద్యుడు తన టోపీతోనే ఆవిడ కుర్చీ తుడిచాడు. ఆ కుర్చీ గిస్లాన్ పక్కన.

"నన్ను ఇక్కడే కూర్చోనివ్వండి," అంది. "గిస్లాన్ గారు బాగా నవ్విస్తారు."

"నేనా?" గిస్లాన్ చెవులు ఎర్రబడ్డాయి. "మా ఆవిడ వింటే పడి పడి నవ్వుద్ది మదామ్. ఇంట్లో నేను నోరిప్పితే చాలు, రేడియో పెడుతుంది."

సెర్వే టైపిన్ను నొక్కాడు. క్లిక్. చెవిలో ఫాన్ హోల్ గొంతు: "బాగుంది. అలాగే కూర్చో."

విందయింది. చిన్న గాజు గ్లాసుల్లో పెకే సారా తిరిగింది. దియూదొన్నే లేచి గంట కొట్టాడు.

"ముసలోళ్ళారా! నాలుగు మీవి, ఒకటి మీ పక్కవాళ్ళది. ఇచ్చింది ఇచ్చినట్టు కాల్చాలి. చూడకూడదు, ఊపకూడదు, అడక్కూడదు. అనుమానం ఉన్నవాడు ఇంట్లో కూర్చుని పెళ్ళాంతో పేకాడుకోవాలి!"

మామూలు రోజుల్లో ప్రతివాడూ తన తూటాను చెవి దగ్గర ఊపి చూసుకుంటాడు. నల్ల మందు గట్టిగా అదిమి కూరతారు కాబట్టి చప్పుడు రాదు. కొత్త పొగరాని మందు పాత సిలిండర్‌ను పగలగొట్టేంత బలమైంది, చిటికెడే పడుతుంది కాబట్టి లోపల ఇసుకలా కదులుతుంది. ఆ ఒక్క రోజు మాత్రం ఊపకూడదు. ఊపితే ఇచ్చినవాడి మొహాన ఉమ్మినట్టే. ఆ మర్యాదే తూసాన్ ప్రాణం తీసింది.

వెరెనా తన వంతు ముందే కాల్చేసింది. అయిదు దెబ్బలు, అయిదు తెల్లటి పొగ ఉండలు. చప్పట్లు కొట్టారు. తర్వాత గిస్లాన్ కాల్పుల గీత దగ్గరికి నడిచాడు. ఆవిడ తొడుగు వేసుకున్న వేళ్ళతో ఒక సన్నటి పొడుగు తూటా అతని అరచేతిలో పెట్టి, వేళ్ళు ముడిచింది.

"అదృష్టం కోసం," అంది.

సెర్వే లేచి నిలబడ్డాడు.

"కదలకు," అంది చెవిలో గొంతు. "ముత్యం ఏం చేస్తోందో ముత్యానికి తెలుసు."

ఠాప్. పొగ. కుళ్ళిన గుడ్డు వాసన.

"మాట ఇచ్చిందన్నారు సార్," సెర్వే కాలరులోకి గొణిగాడు.

ఠాప్. 

"ఒక్క గిస్లాన్ కోసం రెండు రాయబార కార్యాలయాలు పోగొట్టుకోలేం. అది మామూలు తూటా కావచ్చు."

"కావచ్చా?"

ఠాప్.

"ఇది ఆర్డర్, కొలార్. కూర్చో."

ఠాప్. నాలుగు. గిస్లాన్ బొటనవేలు అయిదోసారి రివాల్వర్ గుర్రాన్ని, తూటాను కొట్టే ఆ చిన్న సుత్తిని, వెనక్కి లాగింది.

సెర్వే చెవిలోంచి రిసీవర్ పీకి, ఎదురుగా ఉన్న గ్రేవీ గిన్నెలో పడేశాడు. మూడు అంగల్లో గీత దాటాడు. గురిపెట్టిన చేతిని కింది నుంచి పైకి ఎత్తి, గుర్రానికీ తూటాకూ మధ్య తన బొటనవేలు దూర్చాడు. గుర్రం దాని మీద పడింది. గోరు నల్లబడింది. తూటా పేలలేదు.

"నీకేమన్నా పిచ్చా?" గిస్లాన్ అరిచాడు. "చచ్చిపోయేవాడివి!"

"నేను కాదు."

సిలిండర్ తిప్పి అయిదో తూటా బయటికి తోశాడు. నలభైమంది చూస్తుండగా, రిసీవర్ తీసేసిన చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

ఊపకూడదన్న రోజున ఊపాడు. గదంతా ఒక్కసారి గగ్గోలెత్తింది.

"సిగ్గులేదురా!" దియూదొన్నే గంట గట్టిగా కొట్టాడు. "ఆడమనిషి ఇచ్చిన తూటా! బయటికి నడువు!"

"నడుస్తా. నువ్వూ ఒకసారి విను."

ప్రెసిడెంటు చెవి దగ్గర ఊపాడు. దియూదొన్నే చేతిలోని గంట ఆగిపోయింది. దంతవైద్యుడు విన్నాడు. గిస్లాన్ విన్నాడు. తూటా చేతులు మారుతూ బల్ల చుట్టూ తిరిగింది. ప్రతివాడూ చెవి ఒగ్గాడు, ప్రతివాడూ పక్కవాడికి ఇచ్చాడు.

దియూదొన్నే పట్టకారతో గుండు పీకి, లోపలి మందును తెల్లటి బల్లగుడ్డ మీద కుమ్మరించాడు. నల్ల రవ్వలు కాదు. బూడిద పచ్చ పొలుసులు.

"పోయినేడు తూసాన్ పక్కన ఎవరు కూర్చున్నారు?" అన్నాడు సెర్వే. గొంతు పెంచలేదు. "ఎవరికన్నా గుర్తుందా? ఆవిడ కుర్చీ తుడిచిన టోపీ ఎవరిది? మీరంతా ఆయన్నే తప్పు పట్టారు. ఫోటో పీకేశారు. ఆయన ఊపి చూడకపోవడం నిర్లక్ష్యం కాదురా. మన మీద నమ్మకం."

దంతవైద్యుడు తన టోపీని బల్ల కిందికి నెట్టాడు.

వెరెనా నవ్వింది. "నాకు తలనొప్పిగా ఉంది. బ్రస్సెల్స్‌కు ఫోన్ చేస్తే మీ వాళ్ళే చెబుతారు నేనెవరో." చేతిసంచి తెరవబోయింది.

కమిషనర్ రెమాకల్ చెయ్యి అంతకంటే ముందే ఆ సంచి మీద పడింది. లోపల పలచటి కొత్త పిస్టల్. దాన్ని రెండు వేళ్ళతో, చచ్చిన ఎలుకను ఎత్తినట్టు బయటికి తీశాడు.

"1900 తర్వాత పుట్టినవాటికి ఇక్కడ ప్రవేశం లేదు, మదామ్," అన్నాడు. "బ్రస్సెల్స్ వాళ్ళు ఫోన్ చేస్తారు, తెలుసు. ఫైలు మూసేయమంటారు. అయితే ఈసారి నలభైమంది నోళ్ళు కూడా మూయాల్సి ఉంటుంది. వీళ్ళ సంగతి మీకు తెలీదు. భోజనం చేసేటప్పుడు కూడా నోరు మూయరు."

గ్రేవీ గిన్నెలో సన్నగా బుడగలు లేస్తున్నాయి. డైరెక్టర్ ఇంకా ఆర్డర్లు ఇస్తూనే ఉన్నాడు.

*

చీకటి పడే వేళకు తూసాన్ ఇంటి వెనక పనిగదిలో దీపం వెలిగింది. తూసాన్ భార్య ఎర్మెలీన్ కెటిల్ మరిగించింది. గిస్లాన్ రివాల్వర్‌ను సబ్బునీళ్ళలో ముంచి, సన్నటి బ్రష్‌తో ఒక్కొక్క అరా తోముతోంది. భర్త ఉండగా ఆ పని ఆమెదే. ఏడాదిగా ఎవరూ ఇవ్వలేదు. ఇవాళ గిస్లాన్ తనే తెచ్చి, "మీరైతేనే శుభ్రంగా కడుగుతారమ్మా" అని ఇచ్చి, సిగ్గుపడుతూ వెళ్ళిపోయాడు.

రేపు పొద్దున్న తను వెళ్తే రొట్టెల కొట్టులో మాటలు ఆగవని ఆమెకు తెలుసు. ఇప్పుడు మాట్లాడుకోవడానికి వాళ్ళకు చాలా ఉంది.

"మేకుకు ఫోటో తగిలించారా అబ్బాయ్?"

"వంకరగా తగిలించాడు దియూదొన్నే. కళ్ళద్దాలు పనికిరావడం లేదు." సెర్వే మూత వేసిన కంచం బల్ల మీద పెట్టాడు. "వంటామె ఇది మీకిమ్మంది."

ఆమె మూత తీసి చూసింది. మూడు ఉండలు. మూత పక్కన పెట్టి, రెండు ఫోర్కులు తెచ్చింది.

"మరి నీ ఉద్యోగం?"

"తీసేశారు. సాయంత్రమే ఫోనొచ్చింది. కారణం ఏం రాశారో చెప్పనా? నిర్లక్ష్యం."

ఎర్మెలీన్ నవ్వింది. ఏడాది తర్వాత వచ్చిన నవ్వు కాబట్టి కాస్త గరగరమంది.

"మంచివాళ్ళ జట్టులో పడ్డావులే," అంది. "గోరుకి మందు రాసుకో."

తిన్నారు. ఆమె మూడో ఉండను సగానికి కోసి పెద్ద ముక్క అతని వైపు జరిపింది. తర్వాత రివాల్వర్ తుడిచి, నూనె రాసి, తూసాన్‌వాటి పక్కన గుడ్డ మీద పడుకోబెట్టింది. దీపం ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు వేసింది.