బంద్ నాటి స్ట్రోక్ నెట్‌వర్క్

"మీటింగ్ డాక్టర్లకు మాత్రమే అని తలుపు మీద రాశాం కదండీ," అన్నాడు శ్రీకర్, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"చదివిన సార్. అందుకే కొట్లాడనీకి ఒచ్చిన," అంది స్వప్న.

ఇవాళ నలభై ఆసుపత్రులున్న స్ట్రోక్ నెట్‌వర్క్ పుట్టింది ఇదిగో, ఇలా గుమ్మంలో గొడవతోనే. రెండువేల పదకొండులో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ టిఫిన్ సెంటర్ పైన, సాంబారు వాసన కొట్టే హాల్లో.

పక్షవాతం వచ్చిన మనిషికి నాలుగున్నర గంటల్లోపు స్కాన్ తీసి, రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలి. లేటైతే మాటో, చెయ్యో పోతుంది. అందుకని చుట్టుపక్కల చిన్న ఆసుపత్రుల డాక్టర్లందరినీ కలపాలని న్యూరాలజిస్ట్ శ్రీకర్ తాపత్రయం. స్వప్న చంపాపేట్‌లో ఫిజియోథెరపిస్ట్. అలా లేటైపోయినవాళ్లే ఆమె పేషెంట్లు.

"మూతి వంకర పోయినోళ్లను ముందు చూసేది నర్సులు, మేము, ఆటోవాళ్లు. మీరు ఆఖర్ల చూస్తరు. మమ్మల్ని ఒదిలేస్తే గిది ఎట్ల నడుస్తది?"

"ఆటోవాళ్లా! ఇక బంద్‌లు చేసేవాళ్లని కూడా పిలవమంటారేమో."

"పిలువుండ్రి. మా నాయిన ఒస్తడు."

శ్రీకర్‌కి నవ్వొచ్చింది. నవ్వితే ఓడిపోయినట్టేనని బిగబట్టాడు గానీ, కళ్లలో దాచలేకపోయాడు. అది చూసి స్వప్నకి ఇంకా ఒళ్లు మండి మెట్లు దిగిపోయింది. రోడ్డు మీదికొచ్చాక మాత్రం ఎందుకో తనకీ నవ్వొచ్చింది.

పది రోజులకు తెలంగాణ బంద్. స్వప్న నడుచుకుంటూ రామారావు మాస్టారింటికి వెళ్లింది. కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే మాస్టారికి భుజం పట్టేసింది. ఆయన శ్రీకర్ తండ్రి అని తెలిసినప్పటినుంచి ఆ భుజాన్ని కాస్త గట్టిగానే తిప్పుతోంది.

"మా వాడి మీద కోపం నా మీద తీర్చుకుంటున్నావా తల్లీ?"

"పది దాకా లెక్కపెట్టుండ్రి సార్."

ఆరు దగ్గర మాస్టారి మాట ముద్దయింది. మూతి ఓ పక్కకు జారింది. కుడిచెయ్యి ఒళ్లో వాలిపోయింది.

"అయ్యో, ఏమైందండీ! గ్యాసేమో, కాసిని మంచినీళ్లు..." అంటూ ఆయన భార్య సూర్యప్రభ గ్లాసు తెచ్చింది.

"నోట్ల ఏం పొయ్యకుండ్రమ్మా!" స్వప్న గడియారం చూసి శ్రీకర్‌కి ఫోన్ చేసింది. "సార్, మీ నాన్నగారికి స్ట్రోక్. పదీ ఇరవైకి, నా కండ్లముందే."

"నేను ఎల్బీనగర్ హాస్పిటల్లో ఉన్నా. రింగురోడ్డు మీద రాస్తారోకో, ఏ బండీ రావట్లేదు. స్వప్నగారూ, మా నాన్నకి మాటంటే ప్రాణమండీ..."

"మీరు స్కాన్ తయారుగ పెట్టుండ్రి. రోడ్డు సంగతి నేన్జూస్త."

వెంటనే తండ్రి జానయ్యకి కలిపింది. ఆయన లారీ డ్రైవర్. ఆ రోజు రింగురోడ్డు నడిమధ్య జెండా పట్టుకుని కూర్చున్నాడు.

"నాయినా, జర దారి ఇడిపియ్యి. మాస్టారుకు పక్షవాతం ఒచ్చింది."

"ఎవరు, ఆంధ్రా సారా?"

"అవ్."

"అయితే ఏంది? మనిషే గదా! జల్ది తోలుకరా."

పక్కింటి మట్టయ్య ఆటో తీశాడు. రింగురోడ్డు దగ్గర జానయ్య బైకెక్కి ముందు సాగాడు. నినాదాలు ఆపకుండానే జనం జరిగి దారిచ్చారు. పదకొండు కొట్టకముందే మాస్టారు స్కాన్ గదిలో ఉన్నారు. పావు తక్కువ పన్నెండుకి ఇంజెక్షన్ పడింది.

మూడో రోజుకి చెయ్యి కదిలింది. మాట మాత్రం రాలేదు. మాస్టారు చూస్తారు, పెదాలు ఆడిస్తారు, అంతే. శ్రీకర్ మొహంలో కళ లేదు. సాయంత్రం స్వప్న వచ్చింది.

"ఆ మీటింగ్ రోజు తప్పు నాదేనండీ," అన్నాడు, మంచం పక్కన నిలబడి. "ఆదివారం మీటింగ్‌కి నర్సుల్నీ, ఆటోస్టాండు వాళ్లనీ పిలిచాను. జానయ్యగారూ వస్తానన్నారు. మీరు కూడా..."

"నన్ను పిలిచేది గా నెట్‌వర్క్ కోసమేనా సార్?"

"అంటే... అదీ... నేనూ..." శ్రీకర్ నసిగాడు.

"ఒరేయ్," మంచం మీంచి గొంతు వినపడింది. నెమ్మదిగా, కూడబలుక్కుంటూ. "నాకు... మాటొచ్చింది. నీకే... పోయిందేంట్రా?"

సూర్యప్రభ ఏడుస్తూ నవ్వేసింది. శ్రీకర్ కళ్లు తుడుచుకుని స్వప్న వైపు తిరిగాడు.

"నెట్‌వర్క్ కోసం కాదండీ. నాకోసం రండి."

"గీ ముక్క చెప్పనీకి గింత పరేషానా సార్? ఒస్త," అంది స్వప్న.